బేసిన్ బ్రిడ్జి దగ్గర, నూట పన్నెండో పేజీ

అంబత్తూరులో ఎనిమిదీ ఐదు లోకల్,
కిటికీ సీటు దొరికితే ఆ రోజుకి నేను రాణిని.
దొరక్కపోయినా ఫరవాలేదు,
కమ్మికి ఆనుకుని ఒంటిచేత్తో చదవడం అలవాటే.
బొటనవేలు పుస్తకం నడుమ,
చిటికెనవేలు క్యారియర్ పిడిలో.

నాకు నలభై నాలుగు.
బందరు వీధిలో నోటుపుస్తకాల హోల్‌సేల్ కొట్లో బిల్లులు రాస్తాను.
రోజంతా తెల్లకాగితాన్ని గ్రోసుల లెక్కన అమ్మి అమ్మి
అచ్చయిన కాగితం కోసం మొహం వాచి ఉంటాను.

పుస్తకానికి బ్రౌన్ కాగితం అట్ట వేశాను.
లేబుల్ అతికించి ‘జి.ఎస్.టి. నియమాలు’ అని రాశాను.
అసలు బొమ్మలో ఒక పిల్ల
జుట్టు విరబోసుకుని మంటల మధ్య నిలబడి ఉంది మరి.
మా ఆడబడుచు చూసిందంటే
‘ఈ వయసులో రాక్షసుల కథలా వదినా’ అంటుంది.
అంటే అననీ.
అట్ట ఉంటే మూల నలగదు, అదీ అసలు సంగతి.

పిల్ల పేరు మైరవెన్.
మొదటి రోజు మైరావణుడి చెల్లెలేమో అనుకున్నా.
ఇప్పుడు మైరమ్మ అంటాను, మా ఇంటి పిల్లలాగా.
పదహారేళ్లు. ఎడమ చెవి వినపడదు.
గాలి ఎటు మళ్లుతుందో అరికాళ్లతో చెబుతుంది.
ఉప్పుతో కట్టిన కోటలో పుట్టింది.
వానంటే ఊరంతటికీ హడలు,
తను మాత్రం మొదటి చినుక్కి నాలుక చాపుతుంది.
ఆ ఒక్క వాక్యానికి
మూర్ మార్కెట్ పాత పుస్తకాలాయనకి
బేరమాడకుండా నూట ఇరవై ఇచ్చేశాను.
ఆయనే తికమకపడి
రెండో భాగం వస్తే పక్కన పెడతానన్నాడు.

కత్తియుద్ధాలు గబగబా దాటేస్తాను, నిజం చెప్పాలంటే.
ఎవరు ఎవర్ని నరికారో రేపటికి గుర్తుండదు.
నాకిష్టమైంది పెద్దల సభ.
పన్నెండుమంది గడ్డాలు నిమురుకుంటూ
‘నీ వల్ల ఏమవుతుందమ్మా’ అన్నప్పుడు
ఆమె నెమ్మదిగా
వినపడని చెవిని వాళ్లవైపు తిప్పుతుంది.
అక్కడ నవ్వాను, పైకే.
పక్కన పూలు కడుతున్నావిడ లేబుల్ చూసి
పన్నుల్లో అంత నవ్వేముందా అని
దారం పళ్లమధ్యే ఉంచుకుని చాలాసేపు ఆలోచించింది.

నా పదహారో ఏట
నాకెవరూ కత్తి ఇవ్వలేదు, పటమూ ఇవ్వలేదు.
టైపురైటింగ్ లోయర్‌కి ఫీజు కట్టారు.
ఫస్ట్ క్లాసు వచ్చింది, ఆ మాటా చెప్పుకోవాలి.
పదహారు మెషిన్లు ఒక్కసారి మోగుతుంటే
ఆ మేడమీద గదిలో నాకు
గుర్రాలు వస్తున్నట్టుండేది.
ఎవరికీ చెప్పలేదు.

విల్లివాక్కంలో ఒక ప్లస్ టూ పిల్ల ఎక్కుతుంది,
రెండు మడత జడలు, బండెడు సంచీ.
నెలరోజులుగా నా భుజం మీంచి చదువుతోంది.
మొదట్లో చిరాకేసింది.
తరవాత, పేజీ తిప్పబోతూ
ఆమె కోసం ఆగడం మొదలుపెట్టాను.
ఇప్పుడు ఆమే నాకోసం ఆగుతోంది.
ఇంగ్లీషు నాకు కూడబలుక్కునే భాష,
దానికి మంచినీళ్లు.

ఇవాళ బేసిన్ బ్రిడ్జి దగ్గర సిగ్నల్ పడలేదు, ఎప్పట్లాగే.
పెట్టె పెట్టంతా రైల్వేని తిడుతోంది.
నూట పన్నెండో పేజీలో మైరమ్మ
కోటతలుపు తీసి వానలోకి నడిచింది.
వెనక గోడలు కరుగుతున్నాయి.
నా భుజం దగ్గర ఊపిరి ఆగింది.
‘అక్కా, ఆమె చచ్చిపోదు కదా?’
తమిళంలో. మా మధ్య మొట్టమొదటి మాట.
నాకు తెలుసు.
ఆఖరి పేజీ ముందే చదివేసే పాడలవాటు నాది.
‘సిగ్నల్ ఇంకా పడలేదుగా,’ అన్నాను. ‘చదువు.’

ఇవి చదివితే ధైర్యం వస్తుందా అంటే
ఏమో. నాకైతే స్టేషన్ వస్తుంది.
దిగి, గుంపులో పడి, కొట్టుకి నడిచి
షట్టరు కింద తల వంచి లోపలికి వెళ్తాను.
ఇవాళ సంచీ తేలిగ్గా ఉంది.
జి.ఎస్.టి. నియమాలు ఆ పిల్ల దగ్గరున్నాయి,
సోమవారం దాకా.

అట్ట మూల నలిగిందో,
చూస్తా దాని సంగతి.